చెన్నై పారీస్ కార్నర్‌లోని పాత నాణేల కొట్టు: చింతపండుతో తోమిన నాణేన్ని కూడా చదివి పెట్టారు

మావారు పోయిన రెండేళ్లకు గానీ ఆయన ట్రంకుపెట్టె తెరవడానికి నాకు మనసొప్పలేదు. ఆయన సరుకు ఓడల్లో ఇంజినీరుగా చేశారు. పెట్టె అడుగున ఒక బిస్కెట్ డబ్బా, దాన్నిండా చిల్లర. ఈస్టిండియా కంపెనీ పావు అణాలు, చార్మినార్ బొమ్మున్న నిజాం నాణేలు, ఏ దేశానివో తెలియని బిళ్లలు. వాటి మధ్య ఒక చిన్న కాగితం కవరు. కవరు మీద పెన్సిల్‌తో ఏదో పొట్టి రాత, కింద నాలుగు పౌండ్లని ధర. లోపల దాదాపు నల్లగా ఉన్న ఒక లావుపాటి నాణెం. ఇప్పటి మన పది రూపాయల బిళ్ల కంటే పెద్దది, చేతికి బరువుగా తగిలింది.

ఇంట్లో రాగి గానీ ఇత్తడి గానీ నల్లబడితే ఏం చేస్తామో అదే చేశాను. చింతపండు, ఉప్పు పెట్టి తోమాను. బొమ్మ వైపు సగం తోమేసరికి ఒక ముఖం పైకి తేలింది. మీసం రాని కుర్రవాడి ముఖం. పెదవులు, గడ్డం, పెద్ద కన్ను. చెయ్యి ఆగిపోయింది. ఏదో తప్పు చేస్తున్నానని అనిపించి వెంటనే కడిగి, మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టాను.

మేముండేది చెన్నై పెరంబూరులో. ముందు దగ్గర్లోనే ఒక పాత సామాన్ల కొట్టులో చూపించాను. అతను తూకం వేసి పాత ఇత్తడి రేటు చెప్పాడు. ముఖం వైపు చూడను కూడా చూడలేదు. ఆ తర్వాత నాతో పని చేసిన ఒకావిడ చెబితే పారీస్‌లోని ఈ కొట్టుకు వెళ్లాను. ఇప్పటికి మూడుసార్లు వెళ్లొచ్చాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. ఇంట్లో తాతలనాటి చిల్లర డబ్బా ఉండి, అందులో ఏముందో తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది.

పెరంబూరు నుంచి లోకల్ ట్రైన్‌లో సెంట్రల్, అక్కణ్నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్, హైకోర్టు దగ్గర దిగాలి. తర్వాత పది నిమిషాల నడక. కాగితం కొట్లు, తాళాల కొట్లు ఉన్న సందులో మొదటి అంతస్తు. మెట్లు బాగా నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి ఒకవైపు తాడే ఉంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. ఈ కొట్టు గురించి నాకున్న మొదటి ఫిర్యాదు ఇదే.

లోపల చిన్న గది, మూడు బీరువాలు, ఒక పెద్ద బల్ల. గోడ మీద 1972 నాటి పురావస్తువుల చట్టం కింద తీసుకున్న లైసెన్సు ఫ్రేమ్ కట్టి ఉంటుంది. నూరేళ్లు దాటిన నాణెం మన చట్టం ప్రకారం పురావస్తువే. దాంతో వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సు ఉండాలి, అలాంటిది దేశం దాటించకూడదు. ఈ సంగతి అడక్కముందే ఆయనే చెప్పారు. యజమానికి అరవై దాటి ఉంటాయి. వాళ్ల పూర్వీకులది చిత్తూరు వైపట, ఇంట్లో తెలుగే. మద్రాసు తెలుగు, మధ్యమధ్యలో తమిళం దొర్లుతుంది.

గుడ్డ విప్పగానే ఆయన మొదట అడిగిన మాట, "దీన్ని ఎవురమ్మా తోమింది?"

నేనేనని చెప్పాను. ఆయన కోప్పడలేదు. "సగమే కదమ్మా. బొరుసు వైపు దేవుడు కాపాడాడు" అని టేబుల్ లైటు పక్కకు వంచి, వెలుతురు ఏటవాలుగా పడేలా పెట్టుకుని చూడటం మొదలుపెట్టారు. వందల ఏళ్లలో లోహం మీద కట్టిన ఆ ముదురు పొరే నాణేనికి చర్మం లాంటిదని, పులుపు దాన్ని తినేస్తుందని, ఒకసారి పోతే మళ్లీ అలాంటిది రాదని అప్పుడు చెప్పారు. ఈ ఒక్క మాట కోసమైనా ఈ రివ్యూ చదివినవాళ్లు గుర్తుపెట్టుకోండి. పాత నాణేన్ని చింతపండుతో, నిమ్మకాయతో, పీతాంబరి పొడితో తోమకండి. ఏమీ చెయ్యకుండా తీసుకెళ్లండి.

తర్వాత తూచారు. 18 గ్రాముల పైచిలుకు. కొలిచారు, మూడు సెంటీమీటర్ల వెడల్పు. అంచును భూతద్దం కింద తిప్పి నాకూ చూపించారు. అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టిన నాణేనికి అంచున చిన్న పగుళ్లు వస్తాయట. మూసలో పోసిన నకిలీకైతే అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, ముఖం మీద సూదిమొనంత గాలిబుడగల గుంటలు కనిపిస్తాయట. పక్కనే ఒక నకిలీ పెట్టి రెండూ పోల్చమన్నారు. తన మాటే నమ్మమనలేదు, నా కంటితో నన్నే చూడమన్నారు. నాకు అది నచ్చింది.

నాణెం రోమ్‌ది. మూడో గోర్డియన్ అనే చక్రవర్తి వేయించిన సెస్టెర్షియస్. 238లో సింహాసనం ఎక్కేనాటికి ఆ పిల్లవాడికి పదమూడేళ్లు. 244లో పారశీకుల మీద యుద్ధానికి వెళ్లి అక్కడే పోయాడు. పందొమ్మిదేళ్లు. నేను చింతపండుతో తోమినది ఆ ముఖాన్నే.

మార్కెట్లో ఇలాంటి రోమన్ నాణేలన్నిటినీ కలిపి కంచు నాణేలనేస్తారు గానీ, మొదట్లో సెస్టెర్షియస్‌ను రాగిలో జింకు కలిపి, అంటే ఇత్తడితోనే చేసేవారు. కొత్తలో బంగారంలా మెరిసేది. నాలుగు సెస్టెర్షియస్‌లు ఒక వెండి దినారియస్. గోర్డియన్ కాలానికి జింకు బాగా తగ్గిపోయి తగరం, సీసం ఎక్కువయ్యాయి. కాబట్టి నా నాణేన్ని కంచు అంటే తప్పు లేదు.

ఇక బొరుసు. ఒక స్త్రీ నిలబడి ఉంది. ఎడమ చేతిలో పళ్లతో నిండిన కొమ్ము. కుడి చేతిలో నలుచదరంగా, పిడి ఉన్న వస్తువు ఏదో ఉంది. చుట్టూ రోమన్ అక్షరాల్లో లిబెరాలిటాస్ అని, చక్రవర్తిదని, చివర రెండు నిలువు గీతలు. రెండు పక్కలా ఎస్, సి అనే అక్షరాలు, సెనేట్ ఆజ్ఞతో అని అర్థం. లిబెరాలిటాస్ అంటే ఉదారగుణం. ఆ గుణానికే స్త్రీ రూపం ఇచ్చి నాణెం మీద నిలబెట్టారు.

"బ్యాంకులో ఏం చేశారన్నారు?" అని అడిగారాయన. 31 ఏళ్లు క్యాష్ కౌంటర్ అన్నాను. "అయితే ఆ చేతిలో ఏముందో మీరే చెప్పండి" అని భూతద్దం నా చేతికిచ్చారు.

చాలాసేపు చూశాను. అద్దం కాదు, విసనకర్ర కాదు. పలక మీద వరసగా చుక్కలున్నాయి. నాకు తోచలేదు. ఆయన లేచి బీరువాలోంచి ఒక చెక్క పలక తెచ్చారు. కేరళ వైపు తిరువాన్కూరు (ట్రావన్‌కోర్) రాజ్యంలో వాడినదట. దాని నిండా వరసలు వరసలుగా కందిగింజంత గుంటలు. ఒక సంచిలోంచి చక్రాలనే పిసరంత వెండి నాణేలు గుప్పెడు తీసి పలక మీద పోశారు. అటూ ఇటూ రెండుసార్లు ఊపారు. ఒక్కో గుంటలో ఒక్కో చక్రం కూర్చుంది. మిగిలినవి అరచేత్తో పక్కకు తోసేశారు. పలక నిండితే లెక్క పూర్తయినట్టే. వేలితో ఒకటి, రెండు అని లెక్కపెట్టే పని లేదు.

నాకు ఒళ్లు జలదరించింది. ఈ పని నాకు తెలుసు. రూపాయి బిళ్లలు ఇరవయ్యేసి దొంతర పెట్టి, పక్క దొంతరతో ఎత్తు సరిచూసి, చెయ్యి అడ్డంగా రాసి సంచిలోకి తోసిన చేతులివి. నాణెం మీది ఆమె చేతిలోనూ అలాంటి పలకే ఉందట. గుంటల పలకను నాణేల కుప్పలో ముంచి ఎత్తితే, ఎన్ని గుంటలో అన్ని నాణేలు. వచ్చిన మనిషి ఒడిలోకి వంపేస్తే అతని వాటా అతనికి చేరినట్టు. పూర్వం దీన్ని పూసల చట్రం అనీ, టోకెన్ అనీ అనుకున్నారట. ఇప్పుడు నాణేలు లెక్కించే పలకనే ఎక్కువమంది అంటున్నారని ఆయన చెప్పారు. నా మటుకు నాకు అనుమానం లేదు.

మన కేలెండర్లో లక్ష్మీదేవి అరచేతిలోంచి నాణేలు ధారగా రాలుతుంటాయి. దానికి లెక్క ఉండదు, ఉండకూడదు కూడా. రోమ్ వాళ్లు దాతృత్వానికి రూపం ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఆమె చేతిలో లెక్కల పలక పెట్టారు. నాకైతే ఇది చాలా గొప్పగా అనిపించింది. ఒకటో తారీకు పెన్షన్ కోసం తెల్లవారుజామునే వచ్చి క్యూలో నిలబడే ముసలివాళ్లను నేను ముప్పై ఏళ్లు చూశాను. వాళ్లకు కావలసింది ఎవరి దయా కాదు. తమ ముందున్నవాడికి ఎంత వచ్చిందో తమకూ అంతే రావాలి, చేతిలో పడ్డది మళ్లీ లెక్కపెట్టుకుంటే సరిపోవాలి. గుంటల పలక పట్టుకున్న మనిషి ఒకడికి ఎక్కువ, ఒకడికి తక్కువ పొయ్యలేడు.

చివరి రెండు గీతల అర్థం, ఇది ఈ చక్రవర్తి చేసిన రెండో పంపకమని. అంటే ఇచ్చిన సారి సారికీ అంకె వేసి నాణెం మీద చాటుకునేవారు. ఆంటోనినస్ పయస్ అనే చక్రవర్తి తొమ్మిది దాకా వెళ్లాడట. ఈ పంపకాన్ని కొంగియారియం అనేవారు. కొంగియస్ అంటే మూడు లీటర్ల పైచిలుకు పట్టే కొలత. మొదట్లో నూనె, ద్రాక్షసారా పోసేవారు, తర్వాత డబ్బు వచ్చినా పేరు అలాగే ఉండిపోయింది. క్రీ.పూ. 5లో రోమ్ తొలి చక్రవర్తి ఆగస్టస్ 3,20,000 మందికి మనిషికి 60 దినారియస్‌ల చొప్పున ఇచ్చానని తన శాసనంలో చెక్కించుకున్నాడు. ఎంతమందికి, ఎంతెంత అనేది కూడా రాయించిన పద్ధతి చూసి, ఆ ఖజానాలో పని చేసిన గుమాస్తాలకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నం కొట్లో వేరే బేరం లేదు. ఆయన ఒక బొమ్మల పుస్తకం తీసి ఇంకొన్ని నాణేలు చూపించారు. నీరో నాణెం మీద చక్రవర్తి ఎత్తైన వేదిక మీద కూర్చున్నాడు, ముందు అధికారి పంచుతున్నాడు, పౌరుడొకడు నిలబడి అందుకుంటున్నాడు, వెంట చిన్న పిల్లవాడు. మన పంపిణీ సభల ఫొటోల్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారో అచ్చం అదే వరస. నెర్వా వేయించిన వాటిలో ఒకదాని మీద ధాన్యం కొలిచే కుంచం, అందులోంచి పైకి వచ్చిన గోధుమ కంకులు. రోమ్ నగరంలోని పేదలకు ధాన్యం ఏర్పాటు చేసినందుకు అది. ఇంకో దాని మీద బండి కాడి విప్పి వదిలేసిన రెండు కంచరగాడిదలు మేస్తున్నాయి. ప్రభుత్వ రవాణా కోసం బళ్లు, పశువులు ఇవ్వాల్సిన భారాన్ని ఇటలీ వాళ్లకు తీసేసినందుకు గుర్తట. అందులో మనిషే లేడు, చక్రవర్తీ లేడు. కాడి దిగిన పశువులు మేస్తున్నాయి, అంతే. నేను చూసిన వాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

హేడ్రియన్‌ది చూడగానే మా బ్యాంకువాళ్లంతా గుర్తొచ్చారు. ఒక మనిషి కాగడా పట్టుకుని కాగితాల కుప్పకు నిప్పు పెడుతున్నాడు. అవి ఖజానాకు రావలసిన పాత బాకీల పత్రాలు. మొత్తం 90 కోట్ల సెస్టెర్షియస్‌ల మాఫీ. ఆ అంకెను నాణెం అంచున అక్షరాల్లో వేశారు. రుణమాఫీ చేస్తే బాకీ కాగితం నలుగురి ఎదుట కాలాలి, అప్పుడే అప్పున్నవాడు నిద్రపోతాడు. ఆ సంగతి వాళ్లకు తెలుసు.

అన్నీ మెచ్చుకోను. ట్రాజన్ పేరున ఇటలీ పిల్లల పోషణకు ఒక పథకం నడిచింది, దాన్నీ నాణేల మీద వేశారు. వెలేయా అనే ఊళ్లో దొరికిన కంచు శాసనంలో దాని లెక్కలున్నాయి. మగపిల్లవాడికి నెలకు 16 సెస్టెర్షియస్‌లు, ఆడపిల్లకు 12. పిల్లలందరి ఆకలీ ఒకటే కదా. పలక మీద గుంటలన్నీ సమానంగా తొలిచినవాళ్లు ఇక్కడ నాలుగు గుంటలు పూడ్చేశారు. నగరంలో పంచిన డబ్బు కూడా జాబితాలో పేరున్న పౌరులకే. బానిసకు ఆ వేదిక మెట్ల దగ్గర చోటు లేదు.

ఇంతసేపు కూర్చోబెట్టి చెప్పినందుకు ఆయన విడిగా ఏమీ తీసుకోలేదు. రుసుము నాణేనికి 250 రూపాయలు, మిగతా చిల్లరలో ఒక్కోదానికి 50. దానికి ఏ రాజు, ఏ ఏడు, ఏ లోహం, బరువు, ఎంత అరిగింది, ఇవన్నీ చేత్తో రాసిన కార్డు ఇస్తారు. ఇంగ్లీషులోనే రాస్తారు, చేతిరాత గొలుసుకట్టు. తెలుగులో కావాలని నేను అడిగాను, రెండోసారి వెళ్లినప్పుడు నా ఒక్క కార్డు తెలుగులో రాసి పెట్టారు.

ఈ సెస్టెర్షియస్‌ను మీరు కొంటారా అని ఊరికే అడిగాను. కొననన్నారు. బిల్లు లేని పురావస్తువు కొనడం తన పద్ధతి కాదన్నారు. పైగా, "ఈ కాయితం కవరు పారెయ్యొద్దమ్మా" అని రెండుసార్లు చెప్పారు. లండన్ దగ్గర టిల్బరీ రేవులో ఓడ ఆగినప్పుడల్లా మావారు ఊళ్లోకి వెళ్లి ఏదో ఒకటి కొనుక్కొచ్చేవారు. కవరు మీద పౌండ్ల ధర ఉంది కాబట్టి ఇదీ అలా వచ్చిందే అయి ఉంటుంది. నాకు గుర్తున్నదంతా ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి కవరుతో పాటు ఉంచమన్నారు. నేల తవ్వి దొంగతనంగా తెచ్చినది కాదని చెప్పడానికి ఇలాంటి కాగితాలే ఆధారమట. భూమిలో దొరికినదైతే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పాల్సిందే. కరూరు వైపు ఏటి ఇసుకలో చిన్న చిన్న రోమన్ రాగి నాణేలు దొరుకుతాయని, అలాంటివి పట్టుకుని మెట్లెక్కి వచ్చేవాళ్లను తాను అట్నుంచి అటే పంపేస్తానని చెప్పారు.

భద్రపరిచే పద్ధతి కూడా నేర్పారు. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు వద్దు, వాటిలోంచి వచ్చే జిగురు లోహాన్ని పాడు చేస్తుంది. గట్టి అట్ట చట్రంలో పెట్టి, డబ్బాలో తేమ పీల్చే సిలికా పొట్లం వెయ్యాలి. మద్రాసు ఉప్పుగాలికి కంచు మీద లేత పచ్చటి పొడి పుడుతుంది. అది కనిపిస్తే మిగతా వాటి నుంచి వెంటనే విడదీసి తన దగ్గరకు తెమ్మన్నారు. నా నాణేనికి అది లేదు. తోమిన సగం మాత్రం ఎర్రగా, పచ్చిగా కనిపిస్తోంది. కొన్నేళ్లకు కొంచెం నల్లబడుతుందట. దాన్ని ఏ మందూ పూసి దాచే ప్రయత్నం చెయ్యొద్దన్నారు.

కొట్టు గురించి ఇంకొన్ని మాటలు. ఫోన్ ఎత్తరు. పదకొండున్నరకు తెరుస్తారు, ఒంటిగంట నుంచి మూడు దాకా మూత, ఆదివారం సెలవు. నేను మొదటిసారి ఒంటిగంటకు వెళ్లి మెట్ల మీద రెండు గంటలు కూర్చున్నాను. బయట బోర్డు మీద వేళలు రాస్తే ఎంతో మేలు. అమ్మకానికి ఉన్న రోమన్ నాణేలు తక్కువే. నాలుగో శతాబ్దపు చిన్నవి 1,500 నుంచి మొదలు, సెస్టెర్షియస్‌లు 9,000 పైనే, బేరం ఉండదు. కొన్నదానికి ఫొటోతో బిల్లు ఇస్తారు, రిజిస్టర్లో రాసుకుంటారు. నేను ఏదీ కొనలేదు, నా దగ్గర ఉన్నదే నాకు చాలు. అయిదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు మెట్లకూ వేళలకూ తగ్గించాను.

ఆ శనివారం ఎగ్మోరు మ్యూజియానికి వెళ్లాను. శుక్రవారాలు సెలవు, చూసుకుని వెళ్లండి. అమరావతి శిల్పాల గదిలో పూర్ణఘటాల దగ్గర ఆగిపోయాను. కుండలోంచి పొంగి వస్తున్న తామరలు చూస్తే, రోమ్ స్త్రీ చేతిలోని పళ్ల కొమ్ము చెప్పేదీ, ఇవి చెప్పేదీ ఒకటే సమృద్ధి అనిపించింది.

మాది మాచర్ల. చిన్నప్పుడు స్కూలు వాళ్లు లాంచీలో నాగార్జునకొండ తీసుకెళ్లారు. రాళ్ల మీద రాతలు చూశాను గానీ ఎవరూ చదివి చెప్పలేదు. ఈ నాణెం పుణ్యమా అని ఇప్పుడు వెతికి చదివాను. గోర్డియన్ బతికిన మూడో శతాబ్దంలోనే ఉజ్జయిని రాజు కూతురు రుద్రధర భట్టారిక నాగార్జునకొండ మహాచైత్యానికి ఒక స్తంభం, 170 దీనారి మాషకాలనే నాణేలు దానం ఇచ్చింది. దీనారి అన్న మాట రోమ్ వాళ్ల దినారియస్ నుంచి వచ్చిందే. మా ఊరి పక్క రాతి స్తంభం మీద కూడా దానం అంకెతో సహా చెక్కి ఉంది. ఒక స్త్రీ పేరు మీద.

మూడోసారి వెళ్లినప్పుడు ఇది ఆయనకు చెప్పాను. ఆయన నా కార్డు వెనక్కి తిప్పి, ఆ 170 అంకెను అక్కడ రాసుకోమని పెన్ను ఇచ్చారు. డబ్బాలో ఇంకా 43 నాణేలు మిగిలి ఉన్నాయి, లెక్కపెట్టాను. తమిళుల ఆడి నెల వెళ్లాక, తోమకుండా అలాగే తీసుకెళ్తాను.